పెట్రోలు పొదుపు: బంకు దగ్గరనా, బంకు దాటిన తరువాతనా?

పూర్వము మన పెద్దలు వ్రాసుకొను ఇంటి పద్దు పుస్తకములో బియ్యము, పప్పు, నూనె, వంటచెరకు వంటి పద్దులు కనిపించెడివి. ఇప్పుడు ఆ వరుసలో పెట్రోలు అను పద్దు వచ్చి చేరి, అనేక కుటుంబములలో బియ్యపు పద్దుతో పోటీపడుచున్నది. హైదరాబాదులో 2025వ సంవత్సరమున లీటరు పెట్రోలు ధర 107 రూపాయలు దాటి ఉండెను. మన కళాశాలలో చదువుకొనువారిలో చాలమంది చిన్న దుకాణదారుల, దర్జీల, మెకానిక్కుల, గుమాస్తాల బిడ్డలు. అట్టి ఇండ్లలో మోటారు సైకిలుకో, వాయిదాల మీద కొన్న పాత కారుకో పోయు పెట్రోలు, తమ్ముని పుస్తకముల సొమ్మును, చెల్లెలి పరీక్ష ఫీజును మ్రింగివేయుట జరుగుచున్నది. కావున ఇది వార్షిక సంచికలో చర్చింపదగిన విషయమేనని మేము భావించుచున్నాము.

పెట్రోలు పొదుపు అనగానే మన చుట్టుపక్కల వినవచ్చు ఉపాయములన్నియు బంకు చుట్టునే తిరుగుచుండును. తెల్లవారుజామున పోయించవలెనని ఒకరందురు. వంద రూపాయలకు గాక నూటపది రూపాయలకు పోయించినచో మోసము జరుగదని మరియొకరందురు. ఫలానా పేటలోని బంకులో ధర కొంచెము తక్కువ గనుక అక్కడికే పోవలెనని వేరొకరందురు. మా అభిప్రాయము వేరు. బంకు దగ్గర మిగులునది చిల్లర. బంకు దాటిన తరువాత బండి నడుపు తీరులో మిగులునది నోట్లు. అవసరము లేనప్పుడు బండిని బయటికి తీయకుండుటలో మిగులునది ఇంటి ఖర్చుకే ఆధారము. ఈ మాటను నినాదముగా గాక లెక్కగా నిరూపింప ప్రయత్నించెదము.

ఒక చిన్న కారును ఉదాహరణముగా తీసికొందము. అది రోజుకు రానుపోను 20 కిలోమీటర్ల చొప్పున నెలకు 25 రోజులు తిరిగిన 500 కిలోమీటర్లగును. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చు కారునకు సుమారు 33 లీటర్లు పట్టును. అనగా నెలకు 3,500 రూపాయల పైచిలుకు. ఈ మొత్తమును దృష్టిలో ఉంచుకొని ఒక్కొక్క ఉపాయమును తూచి చూతము.

మొదటిది తెల్లవారుజాము సంగతి. వేడికి పెట్రోలు వ్యాకోచించునను మాట నిజమే. ఒక డిగ్రీ ఉష్ణోగ్రత పెరిగిన దాని పరిమాణము సుమారు వేయింటికి ఒక వంతు పెరుగును. కాని బంకులలో పెట్రోలు నిలువచేయు ట్యాంకులు భూమి లోపల ఉండును. పైన ఎండ మండుచున్నను, ఉదయమునకును మధ్యాహ్నమునకును లోపలి పెట్రోలు వేడిలో వచ్చు మార్పు స్వల్పము. రెండు డిగ్రీల తేడా ఉన్నదనుకొన్నను, నెలకు 33 లీటర్ల మీద కలిసివచ్చునది 66 మిల్లీలీటర్లు మాత్రమే. దాని విలువ ఏడు రూపాయలు. దీనికొరకు తెల్లవారుజామున నిద్ర మానుకొనుట కంటె ఆ గంట పాఠము చదువుకొనుట మేలు.

రెండవది నూటపది రూపాయల సంగతి. బేసి మొత్తము అడిగినంత మాత్రమున యంత్రము నిజాయితీ నేర్చుకొనదు. 2020 సెప్టెంబరులో సైబరాబాదు పోలీసులు, బంకు యంత్రములలో ఎలక్ట్రానిక్ చిప్పులు అమర్చి కొలత తగ్గించిన ముఠాను పట్టుకొనిరి. అట్టి చిప్పు ఉన్నచోట వందకైనను, నూటపదికైనను మోసము మోసమే. వినియోగదారునకు నిజమైన రక్షణ అతని హక్కులలో ఉన్నది. మీటరు సున్న నుండి మొదలగుచున్నదా అని చూచుట మొదటి జాగ్రత్త. అనుమానము కలిగినచో తూనికలు కొలతల శాఖ ముద్రవేసిన ఐదు లీటర్ల కొలత డబ్బాలో పోసి చూపుమని అడుగుట రెండవది. ప్రతి బంకులోను ఆ డబ్బా ఉండి తీరవలెను. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు హెచ్చుతగ్గులను నిబంధనలు అనుమతించును. పెట్రోలులో కల్తీ ఉన్నదను శంక కలిగిన ఫిల్టరు కాగితముతో పరీక్షింపుమని కోరవచ్చును. ఈ హక్కులు మనలో ఎందరికి తెలియును? తెలిసినవారిలో ఎందరు నోరు తెరచి అడుగుదురు? వెనుక వరుసలోని బండ్లవారు హారను కొట్టుదురని సిగ్గుపడి వచ్చివేయువారే ఎక్కువ. చదువుకొన్నవారే అడుగకున్న చదువురానివారి పక్షమున అడుగువారెవరు?

మూడవది దూరపు బంకు సంగతి. లీటరుకు రూపాయి తక్కువ దొరకునని ఐదు కిలోమీటర్లు పోయి, ఐదు కిలోమీటర్లు తిరిగివచ్చు మనిషిని ఊహింపుడు. ముప్పది లీటర్లు పోయించిన అతనికి మిగిలినది ముప్పది రూపాయలు. ఆ పది కిలోమీటర్లకు కాలిన పెట్రోలు విలువ డెబ్బది రూపాయలు. ఇది పొదుపు కాదు, పొదుపు అను పేర జరిగిన దుబారా. బండితో ఇచ్చిన పుస్తకములో కోరకున్నను హెచ్చు ధరగల ప్రత్యేక పెట్రోలు పోయించుట గూడ ఇట్టిదే. ట్యాంకు నిండి గొట్టము తనంతట తాను ఆగిన తరువాత, మొత్తము సరిచేయుటకని ఇంకను పోయించుకొనుట వలన గూడ లాభము లేదు.

ఇక బంకు దాటిన తరువాతి లెక్క చూతము. టైర్లలో గాలి తగ్గిన బండి బరువుగా కదలును, ఇంజను ఎక్కువ శ్రమపడును, పెట్రోలు ఎక్కువ కాలును, టైర్లును త్వరగా అరుగును. గాలి కొట్టించుటకు పదిహేను రోజులకొకసారి ఐదు నిమిషములు చాలును. పెట్రోలు బంకులలో గాలి ఉచితముగా ఇవ్వవలెనన్న నియమమును గలదు. వేగము విషయమున గాలి యొక్క ఎదురుదెబ్బను గుర్తుంచుకొనవలెను. వేగము రెట్టింపైన గాలి నిరోధము నాలుగు రెట్లగును. 1978లో ఏర్పడిన పెట్రోలియం కన్సర్వేషన్ రీసెర్చ్ అసోసియేషన్ గంటకు 45 నుండి 55 కిలోమీటర్ల వేగమున పోవుట లాభకరమని చాలకాలముగా చెప్పుచున్నది. సిగ్నలు వరకు దూకించి, అక్కడ గట్టిగా బ్రేకు వేయుట కంటె, ఎఱ్ఱదీపము దూరమునుండి కనిపించగానే కాలు తీసివేయుట తెలివి. క్లచ్చి మీద కాలు ఆనించి నడపుట, మాసిన ఎయిర్ ఫిల్టరును మార్చకుండుట, డిక్కీలో అక్కరలేని సామానును నెలల తరబడి మోయుట గూడ పెట్రోలును తినివేయునవే.

ఇంజనును ఊరక నడుపుచు నిలుచుట మరియొక దురలవాటు. చిన్న కారు ఇంజను గంటసేపు నిలిచినచోటనే నడిచిన అర లీటరు నుండి ఒక లీటరు వరకు కాలును. పిల్లల కొరకు గేటు వద్ద రోజుకు పది నిమిషములు అట్లు నిలిచిన నెలకు నాలుగు గంటలకు పైగా అగును. అనగా రెండు నుండి నాలుగు లీటర్లు, 200 నుండి 400 రూపాయలు. తెల్లవారుజాము ఉపాయము ఇచ్చిన ఏడు రూపాయలను దీనితో పోల్చి చూడుడు. ఈ జాగ్రత్తలన్నిటి వలన పదింట ఒక వంతు మిగిలిననే మన ఉదాహరణలోని కారునకు నెలకు 350 రూపాయలు, సంవత్సరమునకు నాలుగువేల పైచిలుకు ఆదా అగును.

ఇటీవల వచ్చిన మార్పును గూర్చి ఒక మాట. 2025 నాటికి దేశమున నూటికి ఇరువది వంతుల ఇథనాలు కలిసిన పెట్రోలు వాడుకలోనికి వచ్చినది. ఇథనాలులో పెట్రోలు కంటె శక్తి మూడింట ఒక వంతు తక్కువ. 2021లో నీతి ఆయోగ్ ప్రకటించిన నివేదికయే పాతరకపు కార్లకు దీనివలన మైలేజి ఆరేడు శాతము వరకు తగ్గవచ్చునని అంగీకరించినది. ఇథనాలు నీటిని పీల్చుకొను స్వభావము గలది గనుక వానకాలమున ట్యాంకు మూత బిగువుగా ఉన్నదా అని చూచుకొనవలెను. పాతబండ్లు ఎక్కువగా సామాన్యుల ఇండ్లలోనే ఉండును. కావున నడుపుటలో జాగ్రత్త అవసరము వారికే మరింత ఎక్కువ.

అన్నిటికంటె పెద్ద పొదుపు బండి తీయకుండుటలో ఉన్నది. మన నగరమునకు బస్సు క్రొత్తది కాదు. 1932లోనే నిజాము ప్రభుత్వ రైల్వే శాఖ 27 బస్సులతో ప్రజా రవాణాను ఆరంభించినది. నేడు విద్యార్థులకు బస్సు పాసులున్నవి. 2017 నవంబరు నుండి మెట్రో రైలు ఉన్నది. తెలంగాణములో 2023 డిసెంబరు 9వ తేదీ నుండి మహిళలకు ఆర్టీసీ సాధారణ, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణ సౌకర్యము కలిగినది. ఒకే పేటనుండి వచ్చు నలుగురు ఒకే కారులో వచ్చి ఖర్చు పంచుకొనినచో, పైన చెప్పిన 3,500 రూపాయలు మనిషికి తొమ్మిది వందల లోపునకు దిగివచ్చును. ఏ బంకు ఉపాయము ఇంత మిగిల్చును? ఐనను మనలో కొందరు బస్సు ఎక్కుటను చిన్నతనముగా భావించుచున్నారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అను సామెత ఇట్టివారిని చూచియే పుట్టియుండును.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. పెట్రోలు ధరలో పెద్ద భాగము పన్నులు. తెలంగాణములో విలువ ఆధారిత పన్నే 35.20 శాతము. 2017లో జీఎస్టీ వచ్చినను పెట్రోలును దానిలో చేర్చలేదు. ప్రభుత్వములు పన్ను తగ్గింపక విద్యార్థులకు పొదుపు బోధించుట న్యాయమా? ఈ ప్రశ్న సమంజసమైనదే. 1973 నవంబరులో ధరల పెంపునకు నిరసనగా వాజపేయి ఎడ్లబండిలో పార్లమెంటుకు వెళ్ళిన నాటినుండి నేటివరకు ఆ వాదము సాగుచునే ఉన్నది. సాగవలెను గూడ. పొదుపు మాట పన్నుల మాటకు అడ్డుతెర కారాదు. కాని ఆ వాదము తీరువరకు చిల్లికుండలో నీరు పోయుచు కూర్చుండుట వివేకము గాదు. ధర మన చేతిలో లేదు. చిల్లు పూడ్చుట మన చేతిలో ఉన్నది. పైగా మన దేశము వాడు ముడిచమురులో నూటికి ఎనుబదియైదు వంతులకు పైగా విదేశములనుండి వచ్చునదే. ఒక్కొక్క లీటరు మిగిలినను అది ఇంటికిని దేశమునకును మేలే.

కావున గౌరవనీయులైన కళాశాల కమిటీ సభ్యులకు కొన్ని విన్నపములు చేయుచున్నాము. మొదటిది టైంటేబులు సంగతి. ఉదయము తరగతి, మధ్యాహ్నము ప్రయోగశాల, నడుమ మూడు గంటల ఖాళీ ఉన్న రోజున విద్యార్థి ఇంటికి పోయి మరల వచ్చును. అనగా ఒక దినమున రెండు దినముల పెట్రోలు కాలును. తరగతులను ప్రక్కప్రక్కన అమర్చినచో పైసా ఖర్చు లేకుండనే వందలాది లీటర్లు మిగులును. ఖాళీ తప్పనిచోట గ్రంథాలయమును తెరచి ఉంచవలెను. రెండవది, పేటలవారీగా ఎవరెవరు ఎక్కడనుండి వచ్చుచున్నారో పట్టిక తయారుచేయించి, కలిసి ప్రయాణము చేయదలచినవారికి అందుబాటులో ఉంచవలెను. మోటారు సైకిలు మీద ఇద్దరే ఎక్కవలెననియు, ఇద్దరును శిరస్త్రాణము ధరింపవలెననియు వేరుగ చెప్పనక్కరలేదు. మూడవది, వాహనముల షెడ్డు వద్ద గాలి కొట్టు పంపును, గాలి కొలుచు గేజిని ఏర్పాటు చేయవలెను. దీనికగు ఖర్చు స్వల్పము. నాలుగవది, తరగతుల వేళలకు అనుకూలముగా బస్సులు నడుపుమని ఆర్టీసీ అధికారులకు కమిటీ పక్షమున వినతిపత్రము సమర్పింపవలెను. ఒక్క విద్యార్థి అడుగుట కంటె కళాశాల అడుగుటకు బలమెక్కువ.

విద్యార్థి మిత్రులకు మేము చెప్పునది ఒక్కటే. ఉర్దూలో పొదుపును కిఫాయతు అందురు. సరిపడునంతలో సరిపెట్టుకొనుట అను భావము ఆ మాటలో ఉన్నది. పిసినారితనమునకును దీనికిని చాల దూరము. ఈ నెలనుండి ఒక చిన్న పుస్తకము పెట్టుకొని, పోయించిన లీటర్లను, తిరిగిన కిలోమీటర్లను వ్రాసుకొనుడు. మూడు నెలలు గడిచిన తరువాత మీ బండిని గూర్చియు, మీ అలవాట్లను గూర్చియు ఆ పుస్తకమే మీకు నిజము చెప్పును. అటుపిమ్మట మిగిలిన సొమ్ము నెలనెల ఇంటివారి చేతికి చేరుచున్నదా లేదా అని మాత్రము చూచుకొనుడు.