అప్పు చేసి కొన్న యంత్రానికి తెలుగు రావద్దా?



సర్కారు ఉద్యోగికి ఇల్లు, వాహనం, పెండ్లి అడ్వాన్సుల సరసనే కంప్యూటరు అడ్వాన్సూ ఉండేది. నెలనెలా జీతంలో కోత. అసలు తీరాక వడ్డీ వంతు. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ఉమ్మడి వరంగల్లు జిల్లాలో (2016 అక్టోబరు దాకా) ఉన్ననాడు మా ఉపాధ్యాయులు కొందరు ఇట్లే కొన్నారు. హార్డుడిస్కు ఎంత, ర్యామ్ ఎంత అని విచారించారే గాని, ఇది తెలుగు వ్రాస్తుందా అని అడిగినవారు అరుదు. నేనడిగితే అంగడివాడు, "సారుకు ఇంగ్లీషు రాదా?" అన్నాడు!

విండోస్ ఎక్స్‌పీ (2001)లో గౌతమి ఖతి ఉండనే ఉన్నది. కంట్రోల్ ప్యానెల్‌లో సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, సీడీ వేస్తే ఒత్తులు కుదురుకొనేవి. కాసేపటి పని. అది చేయించుకోని తెలుగు పండితులు ఒకవంక వాయిదాలు కట్టుతూ, మరొకవంక పరీక్షపత్రాల కోసం డీటీపీవారికి రూకలు సమర్పించుకొన్నారు. ఇదేమి న్యాయం?

మా జనగామ జిల్లా బమ్మెరవాడైన పోతన పేరిట దేశికాచారి గారు ఖతి చేసి ఉచితంగా పంచారు. 2006లో వీవెన్ గారి లేఖిని వచ్చింది. ఇక సాకేది? అడ్వాన్సు మంజూరు నిబంధనల్లోనే "తెలుగు వ్రాయగల యంత్రం" అన్న వాక్యముండవలసిందని నా వాదం.

ఇప్పటికీ సలహా అడిగినవారితో, అంగట్లోనే తెలుగు కీబోర్డు చేర్పించి, "జ్యోత్స్న" అని కొట్టి చూసిన మీదటనే పైకమివ్వమంటాను.