మన సొమ్మునకు తాళము: తాళపుచెవి పరుల చేతనా?



గత మాసమున మన సంఘ సభ్యులైన ఒక పెద్దలు మా అంగడికి వచ్చి మిక్కిలి ఖేదముతో ఒక సంగతి చెప్పిరి. వారు జార్జిటౌనులో నలువది యేండ్లుగా వ్యాపారము చేయుచున్నవారు. ఖాతాలో సొమ్ము కలదు. సరుకు దించిన లారీవారికి బాడుగ చెల్లింపవలసి యున్నది. ఫోను తెరవగా, ఈ ఫోనులో మా యాప్ పనిచేయదను ప్రకటన కనబడెను. వారు చేసిన అపరాధమేమి? కంపెనీ వదలివేసిన పాత ఫోనును పారవేయక, మనుమనిచేత దానిలో వేరొక ఆపరేటింగు సిస్టమును వేయించి వాడుకొనుటయే! బ్యాంకుకు పోగా, క్రొత్త ఫోను కొనుక్కొనుడని సెలవిచ్చిరట. దేవుడు వరమిచ్చినను పూజారి వరమీయడనుట ఇదియే. సొమ్ము వారిది, ఫోను వారిది. అనుమతి మాత్రము పరులది.

ఇందలి మర్మమును పాఠకులు తెలిసికొనవలెను. బ్యాంకు యాప్ తెరచినప్పుడు అది ఫోనును పరీక్షించును. ఆండ్రాయిడ్ ఫోనులలో పెక్కు యాప్‌లు ఈ ఫోను నమ్మదగినదేనా యని గూగుల్ కంపెనీనే అడుగును. కాదని జవాబు వచ్చెనా, తలుపు మూయబడును. ‘డెవలపర్ ఆప్షన్స్’ అను మీట వేసియున్నంత మాత్రముననే తెరచుకొనని యాప్‌లును కలవు. అనగా ఖాతాదారునకును బ్యాంకునకును నడుమ మూడవవాడొకడు కూర్చున్నాడు. అతనిని మనము ఎన్నుకొనలేదు. అతనిపై ఫిర్యాదు వినువారును లేరు. ఇది చాలదన్నట్లు, తన వద్ద పేరు నమోదు చేసికొనినవారి యాప్‌లనే సాధారణముగా ఫోనులోనికి రానిత్తునని గూగుల్ 2025 ఆగస్టులో ప్రకటించెను. ఆక్షేపణలు రాగా, అనుభవజ్ఞులకు వేరొక దారి ఉంచెదనని పిమ్మట చెప్పెను. మన యింటికి ఎవరు రావలెనో చెప్పుటకు అమ్మినవాడెవడు?

ఈ నగరమునకు ఇట్టి పాఠము క్రొత్త కాదు. 1906లో ఆర్బత్నాట్ కంపెనీ దివాలా తీయగా మదరాసు కుటుంబములెన్నో నష్టపోయినవి. పరాయివారిని నమ్మి చెడితిమని తెలిసికొనియే 1907లో ఇచ్చటివారు ఇండియన్ బ్యాంకును స్థాపించుకొనిరి. 1923లో పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున ఆంధ్రా బ్యాంకును నెలకొల్పిరి. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. అది వేరు కథ. 2016లో వచ్చిన యు.పి.ఐ. కూడ మన దేశపు బ్యాంకులు కూడి కట్టుకొనినదే. అయినను, నేడు ఆ చెల్లింపులలో నాలుగింట మూడు వంతులకు మించి ఫోన్‌పే, గూగుల్ పే అను రెండు యాప్‌ల ద్వారా నడచుచున్నవి. బాట మనము వేసితిమి, సుంకపు ద్వారమున పరులు నిలిచిరి.

మోసగాండ్ర భయము వలన ఈ కట్టుబాట్లు తప్పవని బ్యాంకులవారందురు. మోసములు లేవని మేమనము. ఫోను తాళములు తీసివేసిన కొంత అపాయము కలదనియు ఒప్పుకొందుము. కాని ‘డిజిటల్ అరెస్టు’ అని బెదరింపబడి సొమ్ము పోగొట్టుకొనువారు, బ్యాంకు మెచ్చిన ఫోనునుండియే, తమ చేతితోనే పంపుచున్నారు గదా! ఆ దొంగను ఏ పరీక్ష ఆపినది? అపాయమున్నచో ఒక దినమున పంపదగు మొత్తమును తగ్గింపుడు, హెచ్చరింపుడు. ఇంటికి దొంగ వచ్చునని యజమానినే వీధిలో నిలుపుట ఏ న్యాయము?

మా దోషమును కూడ చెప్పుకొనవలెను. బల్లపై క్యూఆర్ అట్టను నిలిపి, నోటు చాచినవారిని చిల్లర లేదని త్రిప్పిపంపినది మన వర్తకులమే. చెక్కు పుస్తకమును అటకపై పెట్టితిమి, పాసు పుస్తకమును మరచితిమి. తెలుగు తెలిసిన గుమాస్తా కూర్చున్న కిటికీ మూతపడినను అడుగలేదు. 2022 మార్చిలో సాదా ఫోనులకు ‘యు.పి.ఐ. 123పే’ అను పద్ధతి వచ్చినను, మనలో ఎందరు దానిని నేర్చిరి?

అడిగినచో ఫలము కలదు. 2025 నవంబరులో సంచార్ సాథీ యాప్‌ను ప్రతి క్రొత్త ఫోనులోను ముందుగానే ఉంచవలెనని కేంద్ర ప్రభుత్వము ఆజ్ఞాపించెను. దేశమంతట ఆక్షేపణ లేవగా, డిసెంబరు 3వ తేదీన ఆ నిబంధనను ఉపసంహరించుకొనెను. కావున మన కోరికలివి: ఫోను ఏదైనను, లేకున్నను, ఖాతాదారునకు శాఖలో, చెక్కుపై, కార్డుపై సర్వసేవలు జరుగవలెను. యాప్ నిరాకరించినచో కారణమును వ్రాతమూలకముగా తెలుపవలెను. కొనినవాడే ఫోనునకు యజమాని యని చట్టము చెప్పవలెను.

ఇట్టి ఇబ్బంది కలిగినవారు మొదట బ్యాంకునకు వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయుడు. 30 దినములలో జవాబు రానిచో, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వ్రాయవచ్చును. వ్రాయలేనివారు సంఘ కార్యాలయమునకు వచ్చినచో మేము వ్రాసి పెట్టెదము. ఇక వర్తక సోదరులకు ఒక విన్నపము: రేపటినుండి మీ అంగడిలో నోటును గౌరవింపుడు. వాకిలి ఒక్కటే యుండి, దాని తాళపుచెవి పరునిచేత నున్నంతకాలము, మన యిల్లు మనది కాదు.