దడకు నిద్రమాత్ర మందు కాదు

పొలానికి నీరందుతుందో లేదో, బ్యాంకు అప్పు తీరుతుందో లేదో, గల్ఫుకు వెళ్లిన కొడుకు ఎలా ఉన్నాడో - ఇలాంటి దిగులు లేని ఇల్లు నిజామాబాద్ జిల్లాలో ఉండదు. వాన పడితే, కొడుకు ఫోను చేస్తే అది చల్లారుతుంది. కాని కొందరికి కారణం తీరినా దిగులు తీరదు. ఒకటి పోతే మరొకటి పట్టుకుంటుంది. నిద్ర పట్టదు. గుండె దడ, మెడ బిగింపు, అలసట, అయినదానికీ కానిదానికీ విసుగు. ఆరు నెలలుగా ఇదే వరసయితే అది పిరికితనం కాదు, చికిత్స ఉన్న జబ్బు.

ఇలాంటివారు ముందుగా గుండె జబ్బేమోనని ఇ.సి.జి. తీయించుకుంటారు. థైరాయిడ్ ఎక్కువైనా దడ వస్తుంది కనుక పరీక్షలు మంచిదే. అన్నీ బాగున్నాయని తేలాక "నీకేం లేదు, మనసు గట్టి చేసుకో" అని పంపేయడమే అన్యాయం. ఆ మాట విన్న మనిషి నేరుగా మందుల షాపుకు పోతాడు. అక్కడ ఆల్ప్రాజోలం మాత్ర దొరికితే ఆ రాత్రి హాయిగా నిద్ర పడుతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. వారాల తరబడి మింగితే ఒకటి చాలదు, రెండు కావాలి. మానితే దడ రెట్టింపవుతుంది.

ఈ మందు సంగతి జిల్లాకు కొత్త కాదు. 2015లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు వణుకుతో, ఫిట్స్‌తో అనేకమంది ఆస్పత్రుల పాలయ్యారు. కల్లులో కలిపినవి ఈ ఆల్ప్రాజోలం, డైజిపాం వంటివే. డాక్టరు చీటీ లేకుండా ఆల్ప్రాజోలం అమ్మకూడదని, అమ్మినది రిజిస్టరులో రాయాలని నిబంధన ఉంది. ఇప్పటికే అలవాటు పడినవారు మాత్రం ఒక్కసారిగా మానకూడదు. డాక్టరు చెప్పినట్లు తగ్గించుకోవాలి.

ఆందోళనకు డాక్టర్లు ముందుగా రాసేవి ఎసిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులు. ఇవి డిప్రెషన్‌కూ వాడేవే. ఆ పేరు వినగానే "నాకేమన్నా పిచ్చా?" అని పారేసేవారున్నారు. ఒకే మందు రెండు జబ్బులకు పనిచేయడంలో వింత లేదు. ఆస్పిరిన్ నొప్పికీ వాడతారు, గుండెపోటుకూ ఇస్తారు.

అసలు ఇబ్బంది వేరు. ఈ మందు మొదటి రోజునే పనిచేయదు. గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైగా మొదటి పది రోజుల్లో వికారం, తలనొప్పి, ఒక్కోసారి దడ ఇంకాస్త పెరగడం ఉంటాయి. అందుకే తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. ఇది ఎవరూ ముందుగా చెప్పకపోతే రోగి నాలుగో రోజునే ఆ మాత్రలు గూట్లో పెట్టి పాత నిద్రమాత్రకే మళ్లుతాడు. చీటీ రాసే డాక్టరు ఇంకో రెండు నిమిషాలు మాట్లాడితే ఈ నష్టం తప్పుతుంది.

తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు, తరచు ఏడాది వరకు వాడాల్సి ఉంటుంది. నిద్రమాత్రల్లా ఇవి ఇంకా ఇంకా కావాలనిపించవు. అయినా హఠాత్తుగా మానితే తల తిరగడం, ఒంట్లో షాకు కొట్టినట్లుండడం జరుగుతాయి. దాంపత్య సుఖం తగ్గితే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి, మందు మార్చవచ్చు. గర్భిణులు, రోజూ నొప్పుల మాత్రలు మింగేవారు ముందే చెప్పాలి. పాతికేళ్ల లోపు వారిని మొదటి వారాల్లో ఇంట్లోవారు కనిపెట్టి ఉండాలి. చావు మాట ఎత్తితే వెంటనే డాక్టరు వద్దకు తీసుకుపోవాలి.

ఎసిటలోప్రామ్ 2022 నాటి జాతీయ ఆవశ్యక మందుల జాబితాలో ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనే దీన్ని నెలకు సరిపడా ఇవ్వాలి. కూలి మానుకుని బస్సెక్కి వచ్చిన మనిషికి వారం మందులిచ్చి మళ్లీ రమ్మంటే మూడోసారి రాడు. పట్నం రాలేనివారు 2022లో మొదలైన టెలి మానస్ నెంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఈ నెంబరును ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించే పని జిల్లా వైద్యాధికారులు వెంటనే చేపట్టాలి.