క్రీడారంగమూ, పౌరజీవనమూ: ఒక డేనిష్ ఫైనల్

క్రీడాస్థలమే పౌరధర్మానికి తొలి పాఠశాల అనే మాట క్రీడాదినోత్సవ వేదికల మీద ఏటా వినిపిస్తూనే ఉంటుంది. ఆ మాటలో సగం సత్యమున్నది. మిగిలిన సగం విషయంలో, ముఖ్యంగా మన వంటి అల్పసంఖ్యాక వర్గాల విద్యాసంస్థలలో, కొంత ఆలోచించవలసి ఉన్నదని నా అభిప్రాయం. ఇందుకు నేను ఎన్నుకొన్న ఉదాహరణ దూరదేశానిది. 2020 జూలై 1న డెన్మార్కులో జరిగిన జాతీయ ఫుట్‌బాల్ కప్పు తుది పోటీ అది. తెలుగు అధ్యాపకునికి డెన్మార్కు ఫుట్‌బాల్‌తో ఏమి పని అని అడిగేవారికి ఒక్క మాట. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆ దేశపు జట్టు రజత పతకం పొందింది. అవే క్రీడలలో మన జట్టుకు శిక్షకుడుగా ఉన్నవాడు హైదరాబాదు వాస్తవ్యుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయనా వృత్తిరీత్యా ఉపాధ్యాయుడే.

డెన్మార్కు కప్పు తొలి ఫైనల్ 1955లో జరిగింది. ఇది నాకౌట్ పద్ధతి. ఓడిన జట్టుకు మరొక అవకాశం లేదు. తుది పోటీ సాధారణంగా రాజధాని కోపెన్‌హాగెన్‌లో జరుగుతుంది. మహమ్మారి విజృంభించిన 2020లో మాత్రం పశ్చిమ తీరాన ఉన్న ఎస్బియర్ నగరంలో జరిగింది. ఒక పక్షం ఆల్బోర్గ్. 1885లో స్థాపితమై, నాలుగుమార్లు జాతీయ లీగును, మూడుమార్లు ఈ కప్పును గెలిచిన పేరున్న క్లబ్బు. రెండవ పక్షం హాదర్స్‌లేవ్ అనే చిన్న పట్టణానికి చెందిన సోండర్యుస్కె. అంతకుముందు పెద్ద బహుమతి ఏదీ ఎరుగని జట్టు. చిన్న జట్టే 2–0 తేడాతో గెలిచింది.

ఆ ఆటలో నన్ను ఎక్కువగా ఆకర్షించింది గోల్సు కాదు, ఆట ఆగిపోయిన ఘట్టం. అంటువ్యాధి కారణంగా ప్రేక్షకులను పరిమితంగానే అనుమతించి, ఎడమెడంగా కూర్చోవాలని నియమం పెట్టారు. ఆల్బోర్గ్ అభిమానులలో కొందరు ఆ నియమాన్ని లెక్కచేయలేదు. చెప్పినా వినకపోవడంతో ఆట ఆపివేసి, వారిని బయటికి పంపి, ఆ తరువాతనే తిరిగి ప్రారంభించారు. దేశమంతా ఎదురుచూసే పోటీని ఇందుకోసం ఆపాలా అని కొందరికి తోచవచ్చు. నా దృష్టిలో ఆ సాయంకాలపు ఉత్తమ నిర్ణయం అదే. మరొక సంగతి కూడ గమనించదగినది. తప్పు చేసినవారు బయటికి వెళ్ళారు కాని, ఆ ఆటలో వారు అభిమానించే జట్టుకు శిక్ష పడలేదు, మిగిలిన ప్రేక్షకులు దోషులు కాలేదు. కొందరి నేరాన్ని వారి వర్గానికంతటికీ అంటగట్టే అలవాటు ఎంత సులభంగా ప్రబలుతుందో మన పాఠకులకు వివరించనక్కరలేదు. మైదానం నేర్పే సగం సత్యమంటే నా ఉద్దేశం ఇదే.

ఇక రెండవ సగం. గెలిచిన జట్టు పేరులోనే దాని ప్రాంతం పేరున్నది. అది దక్షిణ జట్లండ్, జర్మనీ సరిహద్దు సీమ. 1864 యుద్ధంలో డెన్మార్కు ఓడగా ఆ నేల చివరకు ప్రష్యా వశమైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అక్కడి డేనిష్ యువకులు జర్మనీ సైనిక దుస్తులు ధరించి పోరాడవలసి వచ్చింది. వారిలో వేలమంది తిరిగి రాలేదు. 1920లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఉత్తర మండలంలో నూటికి దాదాపు 75 మంది డెన్మార్కును, దక్షిణ మండలంలో నూటికి సుమారు 80 మంది జర్మనీని కోరుకున్నారు. ఆ జూలైలో రాజు పదవ క్రిస్టియన్ తెల్లని గుర్రమెక్కి పాత సరిహద్దు దాటి వచ్చాడు. సరిగ్గా నూరేళ్ళకు, అదే జూలైలో, ఆ సీమ జట్టు జాతీయ కప్పును ఎత్తుకున్నది.

పుస్తకంలో ఇక్కడితో కథ ముగించవచ్చు. అయితే ఉత్తర మండలం ఓట్లను ఒకే మొత్తంగా లెక్కించారు. టోండర్ పట్టణంలో అధికసంఖ్యాకులు జర్మనీవైపు ఓటు వేసినా వారు డెన్మార్కులోనే ఉండిపోయారు. ఫ్లెన్స్‌బుర్గ్ డేనులు జర్మనీలో మిగిలిపోయారు. కప్పులో ఓడినవాడు సామాను సర్దుకుని ఇంటికి పోతాడు. ఓటులో ఓడినవాడి ఇల్లే అది. వాడెక్కడికి పోతాడు? నాకౌట్ లెక్కను రాజకీయాలకు అన్వయించేవారు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలి.

డెన్మార్కు, పశ్చిమ జర్మనీలకు ఆ సమాధానం సులభంగా దొరకలేదు. నాజీ ఆక్రమణ కాలంలో అక్కడి జర్మన్ అల్పసంఖ్యాకులలో అనేకులు ఆక్రమణదారుల పక్షం వహించి, యుద్ధానంతరం శిక్షలు అనుభవించారు. ఆ చేదు ఆరకముందే, 1955 మార్చి 29న, రెండు ప్రభుత్వాలు తమ తమ ప్రకటనలు చేశాయి. (ఆ కప్పు తొలి ఫైనల్ కూడ ఆ సంవత్సరమే. ఇది కేవలం కాకతాళీయం.) ఒక వ్యక్తి తాను డేనునని గాని జర్మనునని గాని చెప్పుకొంటే అది అతని స్వేచ్ఛ, అధికారులు దానిని ప్రశ్నించరాదు, పరీక్షించరాదు అన్నది వాటి సారాంశం. సరిహద్దుకు ఇరువైపులా అల్పసంఖ్యాకుల పాఠశాలలు వారి భాషలో నడుస్తున్నాయి. జర్మనీ ఎన్నికలలోని ఐదు శాతం ఓట్ల నిబంధన డేనిష్ అల్పసంఖ్యాకుల పార్టీకి వర్తించదు. 2021లో ఆ పార్టీ జాతీయ పార్లమెంటులో ఒక స్థానం పొందింది.

"పరీక్షించరాదు" అన్న ఆ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఇంట ఉర్దూ పలికి, తరగతిలో తెలుగు పద్యం చెప్పే నావంటివాడిని "మీకు తెలుగు ఇంత బాగా ఎట్లా వచ్చింది?" అని మెచ్చుకోలుగానే అడిగేవారున్నారు. మెచ్చుకోలు కూడ ఒక్కొక్కప్పుడు పరీక్షే.

కళాశాల పాలకవర్గానికి నా విన్నపములు రెండు. తరగతుల మధ్య జరిగే పోటీలలో ప్రేక్షకులు గీత దాటితే ఆట ఆపే అధికారాన్ని రిఫరీకి వ్రాతపూర్వకంగా ఇవ్వండి. తుది పోటీనాడు బహుమతి ప్రదానం ముగిసేవరకు ఓడిన జట్టును కూడ గెలిచినవారి సరసన వేదికమీద కూర్చోబెట్టండి. అందుకు అదనంగా పదకొండు కుర్చీలు కావాలి. అవి మన గ్రంథాలయంలోనే ఉన్నాయి.