బ్యారక్‌కూ ఒక కాపరి కావాలి

అస్కా, బరంపురం ప్రాంతాలకు సైన్యం కొత్త కాదు. గోపాలపూర్ దగ్గరే సైనిక వాయు రక్షణ కళాశాల ఉంది. సరిహద్దుల్లో ఉన్న సైనికుల కోసం మన సంఘాల్లో ప్రార్థిస్తూనే ఉంటాం. కానీ ఆ సైనికుని పక్కన నిలబడే పాద్రీ గురించి మన యువతకు చెప్పేవారు తక్కువ.

భారత సైన్యం పండిట్, గ్రంథి, మౌల్వీ, బౌద్ధ భిక్షువులతో పాటు పాద్రీలను కూడా రిలీజియస్ టీచర్లుగా తీసుకుంటుంది. నాయబ్ సుబేదార్ హోదా ఇస్తుంది. అభ్యర్థికి ఏదైనా డిగ్రీ ఉండాలి. సంఘం అభిషేకించిన సేవకుడై, స్థానిక బిషప్ ఆమోదించిన జాబితాలో అతని పేరు ఉండాలి. 1.6 కిలోమీటర్లు 8 నిమిషాల్లో పరుగెత్తాలి, రాత పరీక్ష, వైద్య పరీక్ష, ఇంటర్వ్యూ దాటాలి. రిలీజియస్ టీచర్ల శిక్షణకు పుణెలో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నేషనల్ ఇంటిగ్రేషన్ ఉంది. వేర్వేరు మతాల గురువులు అక్కడ ఒకేచోట నేర్చుకుంటారు.

ఆ తర్వాతి పని ఆదివారపు ప్రసంగంతో తీరేది కాదు. ఆసుపత్రిలో క్షతగాత్రుని పక్కన కూర్చోవాలి, అంత్యక్రియలు జరపాలి, శిక్ష అనుభవిస్తున్న సైనికుణ్ణి చూడాలి, కుటుంబాలను ఆదరించాలి. ఇది తుపాకీని దీవించే ఉద్యోగం కాదు. తన దగ్గరకు వచ్చిన సైనికులకు బాప్తిస్మమిచ్చు యోహాను చెప్పింది కూడా ఎవరినీ బెదిరించి దోచుకోవద్దనే. ఆయుధం పట్టినవాని మనస్సాక్షిని మేలుకొలిపి ఉంచడమే పాద్రీ పరిచర్య.

అందుకు ముందుగా మనస్సాక్షి గురించి మన సంఘాల్లోనే మాట్లాడుకోవాలి. రెజిమెంటు మందిరపు గర్భగుడిలోకి అడుగుపెట్టనన్నందుకు లెఫ్టినెంట్ శామ్యూల్ కమలేశన్‌ను 2021లో సైన్యం తొలగించింది. 2025 మేలో ఢిల్లీ హైకోర్టు ఆ తొలగింపును సమర్థించింది. నవంబరులో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. ఆ తీర్పుల మీద మనలో భిన్నాభిప్రాయాలు ఉండవచ్చు. కానీ ఇలాంటి ప్రశ్న ఎదురైన సైనికునికి, తన భాషనూ విశ్వాసాన్నీ ఎరిగిన కాపరి దగ్గర ఉండటం ఎంత అవసరమో కాదనలేం.

ఆ కాపరి మన పల్లెల నుంచి వెళ్లగలడా? పేద, దళిత కుటుంబాల యువకులు ఎందరో గుర్తింపు లేని బైబిలు కళాశాలల్లో చదివి, ఏ బిషప్ కిందా లేని స్వతంత్ర సంఘాల్లో సేవ చేస్తున్నారు. వారి భక్తికి కొదువ లేదు, కాగితాలకే కొదువ. ఇక ఆ దరఖాస్తు పురుషులకే పరిమితం కనుక మన సోదరీమణులకు తలుపే లేదు.

కనుక మేము కోరేది ఇది. సేవకు పిలుపు అందుకున్న ప్రతి యువకుడూ డిగ్రీ పూర్తిచేసేలా సంఘాలు ఫీజులు భరించాలి. అభిషేక పత్రాలు సక్రమంగా ఇవ్వాలి. స్వతంత్ర సంఘాల సేవకులకూ, స్త్రీలకూ దారి తెరవమని క్రైస్తవ సమాఖ్యలు రక్షణ శాఖను గట్టిగా అడగాలి. మన బిడ్డలను సైన్యానికి పంపుతున్నాం. వారి వెంట కాపరిని కూడా పంపే బాధ్యత మనదే.