ఓడ మీద పద్దు ఎవరి పేరున?

చేతిలో డబ్బుంటే ఎక్కడైనా బతకొచ్చని మన పెద్దవాళ్ళు అంటూ ఉంటారు. విహార నౌక ఎక్కితే మాత్రం ఈ మాట పనిచెయ్యదు. పర్సునిండా నోట్లున్నా సరే, అక్కడ కాఫీ అమ్మే కుర్రాడు పుచ్చుకోడు. ఓడ ఎక్కేటప్పుడు మన చేతికో గది కార్డు ఇస్తారు. అదే తాళం చెవి, అదే గుర్తింపు చీటీ, అదే పర్సు. కూల్‌డ్రింక్ తాగినా, టోపీ కొన్నా, పిల్లలు ఫోటో దిగినా ఆ కార్డు చూపిస్తే చాలు, లెక్కలో రాసేసుకుంటారు. ప్రయాణం ఆఖర్న అంతా కలిపి బిల్లు వేస్తారు. మన చిన్నప్పుడు కిరాణా కొట్లో పద్దు రాయించుకుని ఒకటో తారీఖున తీర్చేవాళ్ళు చూడండి, సరిగ్గా అదే పద్ధతి. అయితే కొట్టాయన మన ఇంటి మొహం చూసి పద్దు రాసేవాడు. ఓడవాళ్ళు మన బ్యాంకు కార్డు చూసి రాస్తారు.

ఆ కార్డు ఏ రకందై ఉండాలి, ఎవరి పేరున ఉండాలి? ఈ రెండు ప్రశ్నల గురించే ఇవాళ నా గొడవంతా!

"క్రూయిజ్‌లు, గీయిజ్‌లు మనకెందుకమ్మా, డబ్బున్నవాళ్ళ సరదాలు" అని కొట్టిపారెయ్యకండి. 2022 జూన్‌లో మా విశాఖపట్నం రేవు నుంచే ఎంప్రెస్ అనే నౌక పుదుచ్చేరి, చెన్నైలకి జనాన్ని ఎక్కించుకుని వెళ్ళింది. మధ్యతరగతి వాళ్ళు కూడా పెళ్ళిరోజనీ, రిటైర్మెంటనీ ఎక్కారు. ఇక అమెరికాలో మనవాళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు. ఇక్కణ్ణించి అమ్మానాన్నలు వెళ్ళారంటే నయాగరా చూపించినట్టే ఓడ కూడా ఎక్కిస్తున్నారు. ఫ్లోరిడా వైపు వాళ్ళకి మయామీ రేవు, టెక్సాస్‌లో ఉన్నవాళ్ళకి గాల్వెస్టన్ రేవు. నాలుగైదు రోజులు మెక్సికో తీరం దాకా వెళ్ళి వచ్చేస్తారు.

డాలస్‌లో ఉంటున్న మా ఆడపడుచు కూడా 2024 డిసెంబరు సెలవుల్లో అలాగే వెళ్ళింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఇక్కణ్ణించి వెళ్ళిన మా అత్తగారు, మొత్తం ఐదుగురు. టిక్కెట్లకీ, అత్తగారి విమానానికీ అల్లుడి క్రెడిట్ కార్డు నిండిపోయింది. ఓడ ఖర్చుకి మా ఆడపడుచు తన డెబిట్ కార్డు ఇచ్చింది. అది భార్యాభర్తల ఉమ్మడి ఖాతాది. అందులో 2,600 డాలర్లున్నాయి. ఒకటో తారీఖున ఇంటి అద్దె 1,900 దానంతటదే వెళ్ళిపోవాలి. ఓడ మీద ఎంత ఖర్చుపెట్టినా ఆరేడు వందలు దాటదని లెక్క వేసుకుంది. లెక్క సరిగ్గానే వేసుకుంది. అయింది 650 డాలర్లే!

అయినా అద్దె తిరిగొచ్చింది. ఆలస్య రుసుము పడింది.

ఎలాగంటారా? డెబిట్ కార్డు ఇచ్చినప్పుడు ఓడవాళ్ళు బ్యాంకుకి "మాకు ఇంత రావచ్చు, పక్కన పెట్టండి" అని కబురు పెడతారు. దీన్ని హోల్డ్ అంటారు. డబ్బు మన ఖాతా దాటి పోదు, కానీ మనం ముట్టుకోడానికీ లేదు. ఖర్చు పెరిగినకొద్దీ హోల్డ్ కూడా పెరుగుతుంది. కొన్ని ఓడల్లో ఏ రోజు ఖర్చుకి ఆ రోజే విడిగా హోల్డ్ వేస్తారు. ఆఖరి రోజున అసలు బిల్లు మొత్తం మళ్ళీ విడిగా తీసుకుంటారు. పాత హోల్డ్‌లు అప్పటికప్పుడు పోవు. వాటిని వదలాల్సింది బ్యాంకు. కొన్ని బ్యాంకులు రెండు మూడు రోజుల్లో వదిలితే, కొన్ని వారం పది రోజులు కూర్చోబెడతాయి. అంటే ఆ కొద్దిరోజులూ ఒకే ఖర్చు రెండుసార్లు అయినట్టే లెక్క! 650కి 1,300 ఆగిపోయాయి. మిగిలిన 1,300తో 1,900 అద్దె ఎలా వెళుతుంది?

ఆరు రోజుల తరవాత హోల్డ్ డబ్బు అణా పైసలతో సహా ఖాతాలోకి వచ్చింది. ఆలస్య రుసుము మాత్రం రాలేదు. పైగా చుట్టాల్లో ఒకాయన "ఓడలో ఎవరైనా డెబిట్ కార్డు ఇస్తారా? ఆడవాళ్ళకి పెత్తనం ఇస్తే ఇంతే" అని ఫోన్లో నవ్వారట. నాకు ఒళ్ళు మండింది.

"క్రెడిట్ కార్డు ఇవ్వాల్సింది" అన్న సలహా లెక్క ప్రకారం తప్పు కాదు. క్రెడిట్ కార్డు మీద హోల్డ్ వేసినా ఆగిపోయేది బ్యాంకువాడి పరిమితి, మన బియ్యం డబ్బు కాదు. అమెరికా చట్టంలో కూడా తేడా ఉంది. క్రెడిట్ కార్డు పోయి ఎవరైనా వాడుకుంటే మన మీద పడే భారం 50 డాలర్లు దాటదు. డెబిట్ కార్డయితే రెండు పనిరోజుల్లో చెబితే 50, ఆలస్యమైతే 500 దాకా, స్టేట్‌మెంట్ వచ్చిన అరవై రోజులకి కూడా చెప్పకపోతే ఆ తరవాత పోయినదంతా మన నెత్తినే. ఇవన్నీ నిజమే. ఒప్పుకుంటాను.

కానీ ఆ క్రెడిట్ కార్డు ఆవిడకి ఎక్కణ్ణించి వస్తుంది? భర్త ఉద్యోగం వీసా మీద వెళ్ళిన భార్యలకి హెచ్-4 వీసా ఇస్తారు. 2015లో వచ్చిన నిబంధనతో వాళ్ళలో కొందరికి ఉద్యోగం చేసుకునే అనుమతి దొరికింది గానీ అందరికీ కాదు. ఆ అనుమతి లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. ఆ నంబరు లేకపోతే సొంత పేరున క్రెడిట్ కార్డు రావడం గగనం. ఇక్కడ ఎమ్మెస్సీ చదివి, కాలేజీలో పాఠాలు చెప్పి వెళ్ళిన అమ్మాయికి కూడా తన పేరు అచ్చయి ఉన్న కార్డు ఉమ్మడి ఖాతా మీద ఇచ్చే డెబిట్ కార్డు ఒక్కటే! అంతదూరం ఎందుకు, మన ఊళ్ళో మాత్రం? గృహిణి అని రాయగానే "ఆదాయం ఎంత?" అన్న గడి దగ్గర ఆగిపోతుంది దరఖాస్తు. భర్త కార్డు మీద అదనపు కార్డు ఇస్తారు. దానికి పరిమితి ఆయనది, బిల్లు ఆయన ఫోనుకి. మన పేరు పైన అచ్చు వేసినంత మాత్రాన అది మనదవుతుందా?

"డెబిట్ వాడకు, క్రెడిట్ వాడు" అనడం చాలామంది ఆడవాళ్ళ విషయంలో "నీది వాడకు, ఆయనది వాడు" అనడమే. ఈ సలహా ఇచ్చేవాళ్ళు ఆ సంగతి ఆలోచించరు.

ఆయనది వాడితే ఏమవుతుందో కూడా అదే ఓడలో తెలిసింది. ఒక సాయంత్రం మనవల్ని ముస్తాబు చేసి మా అత్తగారితో కలిపి ఓడ ఫోటోగ్రాఫరు ఫోటో తీశాడు. మర్నాడు గ్యాలరీలో పెట్టారు. ఆవిడ దాని ముందు పదినిమిషాలు నిలబడ్డారట. ఇక్కడ బయల్దేరేటప్పుడు మా మామగారి పింఛను డబ్బులోంచి మార్పించుకున్న 300 డాలర్లు ఆవిడ సంచీలోనే ఉన్నాయి. తీసి ఇవ్వబోతే నోట్లు తీసుకోమన్నారు, గది కార్డు చూపించమన్నారు. గది కార్డు చూపిస్తే కూతురి ఖాతాలో పడుతుంది, అంటే అల్లుడి లెక్కలో పడుతుంది. "అల్లుడి డబ్బుతో నాకు ఫోటోలెందుకే" అని వెనక్కి వచ్చేశారు. తిరిగొచ్చాక ఈ సంగతి నాకు చెప్పారు గానీ కూతురికి ఇప్పటికీ చెప్పలేదు.

తన దగ్గర డబ్బుండి కూడా ఒక ఫోటో కొనుక్కోలేకపోవడం చిన్న విషయమేం కాదు. అయితే దీనికి మందు ఆ ఓడలోనే ఉంది. పెద్ద ఓడల్లో చాలావాటిలో రిసెప్షన్ కౌంటర్ దగ్గర నోట్లు కట్టించుకుని మన పేరున పద్దు తెరుస్తారు. 300 కడితే 300 దాకా గది కార్డు పనిచేస్తుంది. అయిపోతే ఆగిపోతుంది. మిగిలితే దిగేముందు వెనక్కి ఇస్తారు. హోల్డూ లేదు, బ్యాంకూ లేదు. అచ్చంగా మన పోపుల పెట్టె! ఇంకో సంగతి కూడా ఉంది. గదికి ఒకటే పద్దు ఉండాలన్న రూలేం లేదు. ఒకే గదిలో ఉన్నా ఎవరి పద్దు వాళ్ళు విడిగా పెట్టుకోవచ్చు. అడిగితే చేస్తారు. అడగాలని మనకెవరు చెబుతారు? టిక్కెట్టు కొన్న మగవారి పేరుతోనే ఫారం అంతా నిండిపోతుంది.

అందుకని నా అభిప్రాయం ఇది. డెబిట్ కార్డు వాడినందుకు ఎవరినీ నవ్వక్కర్లేదు. ఏ ఖాతాది వాడుతున్నామన్నదే చూసుకోవాలి. అద్దె, పిల్లల ఫీజులు, వాయిదాలు వెళ్ళే ఖాతా కార్డు ఓడవాళ్ళ చేతిలో పెట్టకూడదు. మీ పేరున చిన్న ఖాతా విడిగా తెరిచి, అనుకున్న ఖర్చుకి రెట్టింపు వేసి ఉంచి, ఆ కార్డు ఇవ్వండి. రెట్టింపు ఎందుకో పైన చెప్పాను కదా. దిగాక ఓ పదిహేను రోజులు ఆ డబ్బుని మరిచిపోండి. అంత వీలు కాకపోతే నోట్లు కట్టి పద్దు తెరవడం అన్నింటికన్నా మేలు.

ఇక్కడి బ్యాంకు కార్డు తీసుకెళ్ళేవాళ్ళకి ఇంకో మాట. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం 2020 అక్టోబరు నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు మన దేశంలో వాడకానికే తెరిచి ఉంటాయి. విదేశాల్లో చెల్లాలంటే ముందుగా మనమే బ్యాంకు యాప్‌లోనో, బ్రాంచిలోనో ఆ వీలు పెట్టించుకోవాలి. ఇది నేలమీద ఉన్నప్పుడే చేసుకోవాలి. నడిసముద్రంలో మామూలు సిగ్నల్ అందదు, ఓడలో ఉపగ్రహం ద్వారా వచ్చే ఫోను కలిపితే బిల్లు చూసి కళ్ళు తిరుగుతాయి. "మీ రూపాయల్లోనే కట్టండి" అని ఎక్కడైనా మర్యాదగా అడిగితే వద్దని చెప్పండి. వాళ్ళు వేసే మారకం రేటు సాధారణంగా మనకే నష్టం.

బిల్లు మీద కూడా కన్ను వెయ్యాలి. మామూలు భోజనం టిక్కెట్టులోనే ఉంటుంది గానీ, అమెరికా ఓడల్లో సిబ్బందికి టిప్పు అని రోజూ తలకింత చొప్పున వాళ్ళే రాసుకుంటారు. తలకి రోజుకి 16 డాలర్లు అనుకున్నా ఐదుగురికి ఐదు రోజులకి 400 డాలర్లు! పిల్లలక్కూడా ఈ లెక్కే. మా ఆడపడుచు వాళ్ళకి అయిన 650లో సరదాకి అయింది 250 మాత్రమే. కొందరు టిక్కెట్టుతోపాటే ముందుగా కట్టేస్తారు, అదే నయం. ఎందుకంటే అది హోల్డ్ గొడవలోకి రాదు. ఏ రోజు లెక్క ఆ రోజు గదిలో టీవీలోనో, ఓడవాళ్ళ యాప్‌లోనో చూసుకోవచ్చు. పాలవాడి లెక్క క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకునే మనకి ఇదేం బ్రహ్మవిద్య కాదు. దిగిపోయాక దెబ్బలాడేకన్నా ఓడలో ఉండగానే అడగడం తేలిక.

నేను బి.కాం. చదివాను. డెబిట్, క్రెడిట్ అంటే ఎటువైపు గడిలో ఏం రాయాలో నేర్పారు గానీ, ఇంట్లో ఆ గడి మీద ఎవరి పేరుండాలో ఎవరూ నేర్పలేదు. గృహిణికి క్రెడిట్ కార్డు అసాధ్యమేం కాదు. మన బ్యాంకుల్లో చాలామటుకు సొంత పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే దాని హామీ మీద కార్డు ఇస్తున్నాయి. జీతం చీటీ అడగవు. చీటీపాట డబ్బు వచ్చినప్పుడు గాజులు చేయించుకోవాలా, డిపాజిట్ వేసుకోవాలా అని ఒక్కసారైనా ఆలోచించాలి. గాజులు చూపిస్తే ఓడలో కాఫీ ఇవ్వరు మరి!

"మావారు చూసుకుంటారు" అనడంలో ఓ హాయి ఉందని నాకూ తెలుసు. చూసుకునేవారు ఉండటం అదృష్టమే. కానీ అమ్మకి చేతిలో డబ్బుండీ అల్లుడి మొహం చూడాల్సిన పరిస్థితి, కూతురికి లెక్క తప్పకపోయినా మాట పడాల్సిన పరిస్థితి ఆ హాయి కిందే దాగి ఉన్నాయి. ఈసారి ఇంట్లో ఎవరైనా ఓడ టిక్కెట్ల మాట ఎత్తితే, ఏ గది, ఏ రేవు అని అడగడంతో ఆపకండి. పద్దు ఎవరి పేరున తెరుస్తారు, ఏ ఖాతాలోంచి హోల్డ్ వేస్తారు, అమ్మకి విడిగా పద్దు పెడుతున్నారా అని కూడా అడగండి. టిక్కెట్టు కొన్న తరవాత కాదు, కొనకముందే అడగండి.