నిషేధముకంటెఁ గీడు

పూర్వకావ్యములలో నేఁటి మర్యాదకు సరిపడని మాటలను మార్చి ముద్రింపవలెనని కొందఱు విజ్ఞులు వాదించుచున్నారు. ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ గతి యేమయ్యెనో వారు చిత్తగింపవలెను. 1887లో వెంకటనరసుగారు దానిని ప్రకటించుచుఁ గొన్ని పద్యములతోపాటు, కవయిత్రి తన వంశమును జెప్పుకొన్న పీఠికను సైతము తొలఁగించిరి. శృంగారము దోషమే యనుకొందము. వంశకథనము చేసిన దోషమేమి? బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాఁతప్రతిని సంపాదించి 1910లో వావిళ్ళవారిచే సమగ్రముగాఁ బ్రకటింపింపకున్న నీ లోపము లోకమునకుఁ దెలియకయే యుండెడిది. 1911లో దొరతనమువారు గ్రంథమును నిషేధించిరి. 1947లో నిషేధము తొలఁగెను. ఆజ్ఞ కంటికిఁ గనఁబడును గనుక దానితోఁ బోరాడవచ్చును. చాటుగాఁ దీసిన పద్యముకొఱకు ఎవరితోఁ బోరుదుము? పాతమాట గ్రుచ్చుకొన్నచో నడుగున టీక వ్రాయరాదా? మార్చియే తీరుదుమను ప్రకాశకులు, మార్చిన ప్రతి పద్యమును యథామూలముగా గ్రంథాంతమున నచ్చువేయింప సిద్ధమేనా?